పొద్దున ఉండని నాచు

సముద్రానికి చాలా దూరంగా, ఒక మేడ మీద ముందుగదిలో కొత్తగా ఒక గాజు తొట్టి వెలిసింది. యజమాని అందులో ఉప్పునీళ్ళు నింపి, అడుగున తెల్ల ఇసుక పరిచి, మధ్యలో సముద్రం నుంచి తెప్పించిన రాళ్ళు పేర్చాడు. అవి వట్టి రాళ్ళు కావు. వాటి బొరియల్లో పురుగులున్నాయి, పగుళ్ళలో గుడ్లున్నాయి, పైన కంటికి ఆనని నాచు విత్తులున్నాయి. అందుకే వాటిని ప్రాణమున్న రాళ్ళని అమ్ముతారు. పైన దీపం వెలిగాక వాటి మీద ఏం మొలుస్తుందో యజమానికి తెలియదు, లోపల ఉన్నవాళ్ళకీ తెలియదు.

ఆ రాళ్ళలో ఒకదాన్ని కరుచుకుని నూకాలు అనే నత్త వచ్చింది. పెద్ద నత్త. ఆకుపచ్చగా నిగనిగలాడే గుల్ల. ఆమె వెంట తమ్ముడు దాలయ్య, రాతి పగులులో గుడ్ల నుంచి బయటపడ్డ పిల్లలు. పిల్లల్లో పెద్దది బంగారి. అందరికంటే చిన్నదానికి ఇంకా పేరు పెట్టలేదు, చిన్నదనే పిలుస్తారు.

నత్తలకు ఒక ఆచారం ఉంది. కొత్త మేత కనపడితే ముందు ఇంటి పెద్ద ఒక్కసారి నాకి చూస్తుంది. సముద్రంలో అయితే సూర్యుడు మునిగి మళ్ళీ లేచేదాకా, ఇక్కడైతే దీపం ఆరి మళ్ళీ వెలిగేదాకా ఆగుతుంది. తనకేమీ కాలేదంటే అప్పుడు పిల్లలు ఆమె పాకిన జిగురు జాడ పట్టుకుని వెళ్ళి తింటారు. జాడ లేని చోటికి పిల్లలు పోరు. జాడ ఉన్న చోటికి పోకుండా ఉండలేరు.

"మన సముద్రంలో అయితే ఏది మేతో ఎవర్నీ అడగక్కర్లేదురా," అంది నూకాలు తమ్ముడితో. "అమ్మ పోయిన దారిలో పోయాం, తిన్నాం. ఇక్కడ ముందు పోయినవాళ్ళెవరూ లేరు. దీన్ని తినొచ్చో లేదో ఎలా తెలుస్తుంది?"

"తింటే తెలుస్తుంది," అన్నాడు దాలయ్య. అతనికి తిండి తప్ప వేరే ఆలోచన ఉండేది కాదు.

"నేనున్నాను కదా వదినా," అంది ఇసుక మీంచి ఒక గొంతు.

అది పైడయ్య. సొంత గుల్ల లేని పీత. చచ్చిన నత్తల గుల్లల్లో దూరి కాపురం చేసే జాతి. యజమాని అతన్ని దుకాణంలోని తొట్టి నుంచి తెచ్చాడు. వేసుకున్న గుల్ల అంచు విరిగి ఉంది, పైగా బిగుతు. మాట్లాడుతున్నంతసేపూ లోపల సర్దుకుంటూనే ఉన్నాడు.

"గాజు తొట్లు నాకు కొత్త కాదు," అన్నాడు. "రాళ్ళ మీద ఏది ముందొస్తుందో, ఏది వెనకొస్తుందో నన్నడుగు. ముందు గోధుమరంగు పొడి పడుతుంది, పసుపు రాలినట్టు. భయపడకు, అది మేతే. తర్వాత ఆకుపచ్చది. అదీ మేతే. గులాబీరంగు పెచ్చు కడితే దాన్ని మాత్రం గీకకు, అది రాతికి చర్మం లాంటిది."

అన్నట్టే కొన్నాళ్ళకు రాళ్ళ మీద, గాజు మీద గోధుమరంగు పొడి పట్టింది. యజమాని భార్య వచ్చి చూసింది.

"ఏవండీ, అప్పుడే మట్టి పట్టేసిందే."

"మట్టి కాదు, నాచు," అన్నాడు యజమాని, ఫోన్లో బొమ్మను గాజుకు ఆనించి పోల్చుకుంటూ. "కొత్త తొట్టికి మొదట వచ్చేది ఇదేనట. దానంతట అదే పోతుంది."

నూకాలు ఒక్కసారి నాకింది. దీపం ఆరి వెలిగేదాకా ఆగింది. ఏమీ కాలేదు. పిల్లలు జాడ పట్టుకుని వెళ్ళి కడుపునిండా తిన్నారు. ఆ రోజు నుంచి నూకాలుకు పైడయ్య మాట మీద గురి కుదిరింది. పిల్లలు అతన్ని మావా అని పిలవడం మొదలుపెట్టారు.

తొట్టిలో ఇంకొకామె ఉంది. ఎర్రచారల రొయ్య, మంగతాయి. రాతి కొసన కూర్చుని మీసాలు సవరించుకుంటూ అందర్నీ చూస్తుంది. పైడయ్యతో పాటు అదే దుకాణం నుంచి వచ్చింది. కానీ అతనితో మాట్లాడదు, అతని గురించీ మాట్లాడదు.

పొడి అయిపోయాక ఆకుపచ్చ నాచు వచ్చింది. మొదట పూతలా, తర్వాత సన్నటి జుట్టులా. యజమాని మొహం చిట్లించి చేతికందినదల్లా పీకేశాడు. నీళ్ళు తోడి కొత్తనీళ్ళు పోశాడు. మళ్ళీ తోడాడు, మళ్ళీ పోశాడు.

"చూశావా," అన్నాడు పైడయ్య. "ఆయనకు పచ్చది కనపడకూడదు. రాళ్ళు మురికిగా ఉంటే నత్తల్ని దండగనుకుంటాడు. తీసి బయట పారేస్తాడు. పిల్లల తల్లివి, జాగ్రత్త."

ఆ మాట నూకాలును కుదురుగా ఉండనివ్వలేదు. అసలే ఆమెది ప్రతిదానికీ భయపడే స్వభావం. పిల్లల్ని వరసలో పెట్టి ప్రతి గుంట, ప్రతి మూల గీకించింది. "అక్కడ కొంచెం మిగిలింది చూడు. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?" అంటూ తాను వెనక మళ్ళీ ఒకసారి గీకేది. ముందువైపు రాళ్ళన్నీ తెల్లగా, బోసిగా తేలాయి. వెనక రాయి ఒక్కటి చిన్నదాని వంతు. అది ఆటల్లో పడి సగం కూడా గీకలేదు. ఆ రాయి పచ్చగా, మధ్యమధ్య గులాబీ పెచ్చులతో అలాగే ఉండిపోయింది. దానికోసం చిన్నది చీవాట్లు తింది.

వెనక రాయి మీది కాస్త పచ్చ తప్ప ఇంక తినడానికి ఏమీ మిగల్లేదు, అది అందరికీ చాలదు. పిల్లలు ఆకలితో గుల్లల్లోకి ముడుచుకున్నారు.

అప్పుడు ఒక మధ్యాహ్నం బోసి రాళ్ళ మీద మళ్ళీ గోధుమరంగు కనపడింది. పిల్లలు గుల్లల్లోంచి తలలు బయటపెట్టారు. యజమాని ఫోను తెచ్చి మళ్ళీ గాజుకు ఆనించాడు.

"పాతదే మళ్ళీ వచ్చింది. రంగు అదే," అన్నాడు భార్యతో.

"విన్నావుగా వదినా," అన్నాడు పైడయ్య. "పెట్టించు పిల్లలకి."

నూకాలు దగ్గరికెళ్ళి చూసింది. రంగు అదే. కానీ ఇది పొడిలా లేదు. చీమిడిలా తీగలు సాగుతోంది. ప్రతి తీగ చివరా ఒక గాలి బుడగ నిలబడి ఉంది.

"పైడయ్యా, ఇందులో ఈ బుడగలేమిటి?"

"లేత మేత కదా, ఊపిరి తీస్తోంది."

"ఈ జిగురేమిటి?"

"నీ ఒంటికి జిగురు లేదా? జిగురుంటే చెడ్డదా?" నవ్వాడు. "నువ్వు ఇలా ఒక్కొక్కటీ ఆరాలు తీస్తూ కూర్చో, పిల్లలు ఆకలికి పోతారు."

ఆ మాట పట్టుకుంది ఆమెను. ఆచారం ప్రకారం ముందుకు పాకి ఒక్కసారి నాకింది. నాలిక చివర మంట పుట్టింది. ఆకలి వల్లేమో అనుకుంది.

"రేపు దీపం వెలిగేదాకా ఎవరూ రావద్దు," అంది పిల్లలతో.

"నేనూ పెద్దవాణ్ణేగా అక్కా," అన్నాడు దాలయ్య. ఆమె ఆపేలోపే రాతి వాలంతా ఊడ్చినట్టు తినేశాడు.

మర్నాడు దీపం వెలిగేసరికి నూకాలు పాదం ఒకవైపు తిమ్మిరెక్కింది. తల తిప్పి రాయిని చూసింది. రాయి తెల్లగా, శుభ్రంగా ఉంది. నిన్నటి నాచు ఆనవాలు కూడా లేదు.

"ఇదేమిటి, దాలయ్య మొత్తం తినేశాడా?" అంది. కానీ దాలయ్య ఎక్కని రాళ్ళు కూడా శుభ్రంగానే ఉన్నాయి.

దాలయ్య వాలు మీద లేడు. ఇసుకలో వెల్లకిలా పడి ఉన్నాడు. పాదం బయటకు జారి వేలాడుతోంది.

"తమ్ముడూ, లోపలికి ముడుచుకోరా," అంది పైనుంచి.

"రావట్లేదక్కా," అన్నాడు దాలయ్య. అంతే. ఆ తర్వాత పలకలేదు.

రాతి బొరియల్లోంచి పురుగులు వచ్చాయి. తొట్టిలో ఎవరు చచ్చినా శుభ్రం చేసేది అవే. అవి తమ పని కానిచ్చాక పైడయ్య వచ్చాడు. అయ్యో బావా అని ఒక మాట అని, ఖాళీ గుల్లను కొండితో తట్టి, లోపల కాలు పెట్టి లోతు చూశాడు. తన గుల్లలోంచి చప్పున జారి ఆ గుల్లలో దూరాడు. నాలుగడుగులు నడిచాడు. నడుం దగ్గర బిగిసింది. మళ్ళీ తన పాత గుల్లలోకే మారి వెళ్ళిపోయాడు. వెళ్తూ ఒకసారి తలెత్తి పైకి చూశాడు. నూకాలు మొహం వైపు కాదు, గుల్ల వైపు.

నూకాలు రాతి కొసకు పాకింది.

"మంగతాయి పిన్నీ, నువ్వూ దుకాణంలోనే ఉన్నావు. ఈ నాచు అక్కడ ఉండేదా?"

మంగతాయి మీసాలు సవరించుకుంది. "ఉండేది. మధ్యాహ్నానికి పడగ విప్పేది. దీపం ఆరితే విడిపోయి నీళ్ళలో కలిసిపోయేది. పొద్దున చూస్తే ఏమీ ఉండదు. ఆ తొట్టిలో నత్తలన్నీ వరసగా పోయాయి."

"పైడయ్యకు తెలుసా?"

"అతను వేసుకున్న గుల్ల అక్కడే దొరికింది. అది మొలిచిన రాయి మీద అతను ఎలా నడుస్తాడో ఎప్పుడైనా చూశావా? కాళ్ళు ఎత్తెత్తి వేస్తాడు. ఒక్క ముద్ద నోట పెట్టడు."

"మరి నాకు చెప్పలేదేం పిన్నీ?"

"నన్నెవరడిగారమ్మా," అంది మంగతాయి.

నూకాలు పిల్లల్ని పోగుచేసి వెనక రాయికి తీసుకెళ్ళింది. చిన్నది గీకకుండా వదిలేసిన రాయి. దాని మీద పచ్చనాచు ఉన్నచోట, గులాబీ పెచ్చు ఉన్నచోట ఆ జిగురు ఒక్క తీగ కూడా మొలవలేదు. బోసి చేసిన రాళ్ళ మీదే మొలిచింది. నూకాలు పిల్లల వైపు తిరిగింది.

"వినండి," అంది. "రంగు చూసి మోసపోకండి. పొడిలా ఉండి, పొద్దున కూడా ఉన్నచోటే ఉంటే అది మేత. తీగలు సాగి, బుడగలు పెట్టి, పొద్దున మాయమైతే అది విషం. ఈ రాయి దాటి పోవద్దు. దీన్ని కూడా పూర్తిగా గీకొద్దు. కొంచెం పచ్చ ఎప్పుడూ మిగల్చండి."

"మరి నన్ను తిట్టావుగా," అంది చిన్నది.

"తిట్టాను. తప్పు నాది."

అయితే నూకాలు ఒక సంగతి మరిచిపోయింది. ముందువైపు రాతి మీద, సరిగ్గా ఆ జిగురు మొలిచేచోట, ఆమె నిన్న నాకుతూ పాకిన జాడ అలాగే ఉంది.

పైడయ్య మరిచిపోలేదు. నూకాలు తిమ్మిరి పాదంతో ఒక మూల కళ్ళు మూసుకుని ఉన్న సమయం చూసి, వెనక రాయి అంచుకు వచ్చి చిన్నదాన్ని పలకరించాడు.

"ఏమే చిన్నదానా, ఆకలేస్తోందా?"

"అమ్మ వద్దంది మావా."

"మీ అమ్మ తాను మాత్రం తినలేదా? అదిగో, ఆమె జాడ కనపడట్లేదూ? అమ్మ పోయిన దారిలో పిల్ల పోతే తప్పేముంది?"

చిన్నదాని కళ్ళు ఆ జాడ మీద పడ్డాయి. జాడ ఉన్న చోటికి నత్తపిల్ల పోకుండా ఉండలేదు.

బంగారి పిలుపుకు నూకాలు కళ్ళు తెరిచేసరికి చిన్నది మధ్యాహ్నపు దీపం కింద, బుడగల మధ్య ఉంది. నూకాలు ఏమీ ఆలోచించలేదు. తిన్నగా ఆ జిగురులోంచే పాకుతూ వెళ్ళింది. పాదమంతా మండింది. చేరేసరికి చిన్నది ప్రాణం పోయి రాతిని వదిలేసింది. గవ్వంత గుల్ల దొర్లుతూ ఇసుకలో పడింది. దాని వైపు పైడయ్య కన్నెత్తి కూడా చూడలేదు. అంత చిన్న గుల్లతో అతనికి పనేముంది. అతను చూస్తున్నది నూకాలును. పిల్లకోసం తల్లి ఆ జిగురులో దిగుతుందని అతనికి తెలుసు.

నూకాలు ఎలాగో వెనక రాయి దాకా ఈడ్చుకుంటూ వచ్చి, అంచు దగ్గరే ఆగిపోయింది.

"దగ్గరికి రావద్దు," అంది పిల్లలతో. "నా పాదానికి అది అంటుకుని ఉంది."

బంగారి ఆమెకు కాస్త ఎడంగా నిలబడింది. "అమ్మా, దాలయ్య మావయ్యలా నువ్వూ..." అంది. "అలా అయిపోతావా?"

"అవుతాను. నువ్వేం చూశావో చెప్పు. మావయ్య దగ్గరికి వచ్చిన పురుగులు ఏమయ్యాయి?"

"బొరియల ముందు పడి ఉన్నాయమ్మా. తెల్లగా. కదలట్లేదు. కడుపునిండా తిన్నవి అన్నీ పోయాయి."

"పైడయ్య అది చూశాడా?"

"లేదు. ఆయన వచ్చేసరికి అవి బొరియల్లోకి వెళ్ళిపోయాయి. ఆయన చూసింది గుల్లనే."

నూకాలు అంచు కిందికి, పైడయ్య ఉండే గుంట వైపు చూసింది. "నేను ఇప్పుడొక చోటికి వెళ్తాను. మీరెవరూ నా వెనక రాకూడదు."

"జాడ ఉంటే చిన్నవాళ్ళు ఆగరమ్మా. నేను ఎంతమందినని పట్టుకోను?"

"జాడ ఉండదు. పాత జాడకు నువ్వు అడ్డంగా నిలబడు," అంది నూకాలు.

నత్త పుట్టాక ఎప్పుడూ చేయని పని ఆమె చేసింది. అలలు కొట్టినా వదలని రాతిని వదిలేసింది. నీళ్ళలో మెల్లగా తిరుగుతూ కిందికి పోయి, పైడయ్య ఉండే గుంట ముందు ఇసుకలో పడింది. రాతి అంచు నుంచి ఇసుక దాకా ఎక్కడా జిగురు చార లేదు. పిల్లలు అంచు దగ్గరికి వచ్చి, దారి కనపడక అక్కడే ఆగిపోయారు.

పైడయ్య గుంటలోంచి బయటకు వచ్చాడు.

"అయ్యో వదినా. ఒంట్లో ఎలా ఉంది?"

"అయిపోయింది పైడయ్యా. నిన్నొక మాట అడగడానికి వచ్చాను."

"అడుగు, అడుగు."

"ఈ గుల్ల మా అమ్మ పోలిక. దీని నిగనిగ పాడవకూడదు. నేను పోయాక పురుగులు వస్తాయి. అవి లోపల కెలికి, గీరి, మెరుపంతా పోగొడతాయి. దాలయ్య గుల్ల నువ్వే చూశావుగా, ఎంత గరుకుగా మిగిలిందో."

"చూశాను," అన్నాడు పైడయ్య. నిజానికి గరుకో నునుపో అతను గమనించలేదు. కానీ ఇప్పుడు గుర్తుచేసుకుంటే గరుకే అనిపించింది.

"వాటికి వదలకు. నువ్వే ఖాళీ చెయ్యి. నువ్వే ఉండు. తెలిసినవాడి దగ్గర ఉంటే నాకు తృప్తి."

పైడయ్య కళ్ళు ముందుకు సాగాయి. ఇంతకాలం పన్నిన పన్నాగం చివరికి ఆమె నోటితోనే ఇలా ఫలిస్తుందని అతను అనుకోలేదు. పైగా ఆ బోసి తొట్టిలో అతనికీ చాలాకాలంగా సరైన తిండి లేదు. నాచు విషమని తెలుసు కానీ, అది తిన్నవాళ్ళ ఒంట్లోనూ ఆ విషం ఉంటుందని అతనికి తోచలేదు.

"అంతగా అడిగావు, కాదంటానా," అన్నాడు. "మరి పిల్లల సంగతి నేను చూసుకుంటాలే వదినా."

"ఆ నమ్మకం ఉంది," అంది నూకాలు. అవే ఆఖరి మాటలు.

మిగిలిన పురుగులు వాసన పట్టి వచ్చాయి. పైడయ్య కొండి ఝాడించి అన్నిటినీ తరిమేశాడు. గుల్ల అంచు దగ్గర కూర్చుని తానొక్కడే, అంచు నుంచి అడుగు దాకా, మెతుకు వదలకుండా తిన్నాడు. నోరు కాస్త మండింది. ఉప్పు ఎక్కువేమో అనుకున్నాడు. తిన్నాక పాత గుల్లను వదిలి ఆకుపచ్చ గుల్లలోకి జారాడు. నడుం దగ్గర బిగుతు లేదు. ఎక్కడా గుచ్చుకోలేదు. పుట్టాక మొదటిసారి ఒళ్ళు పూర్తిగా చాపుకున్నాడు.

కొత్త గుల్లతో తొట్టి చుట్టూ తిరిగాడు. మంగతాయి కూర్చున్న కొస కింద ఆగాడు.

"ఎలా ఉంది?"

"నీకోసం చేయించినట్టుంది," అంది మంగతాయి. బొరియల ముందు తెల్లగా పడివున్న పురుగుల్ని ఆమె అప్పటికే చూసింది. ఆ సంగతి చెప్పలేదు. ఆమెను ఎవరూ అడగలేదు.

వెనక రాయి దగ్గరికి వెళ్ళి బంగారిని పిలుద్దామని పైడయ్య బయల్దేరాడు. సగం దారిలో ముందుకాళ్ళు తడబడ్డాయి. గుల్ల బరువనుకున్నాడు. తర్వాత కొండి జారిపోయింది. గుల్లలోకి ముడుచుకోవాలని చూశాడు.

"రావట్లేదేం," అన్నాడు తనలో తాను.

ఆ మాట అంతకుముందు తొట్టిలో ఎవరన్నారో అతనికి తెలియదు.

యజమాని పొద్దున్నే వచ్చి, పటకారుతో ఆకుపచ్చ గుల్లను బయటకు తీశాడు. అందులోంచి పీత కాళ్ళు వేలాడుతున్నాయి.

"మంచి గుల్లలోకి మారి కూడా పోయిందేమండీ," అంది భార్య.

"అదే అర్థం కావట్లేదు," అన్నాడు ఆయన. "రాళ్ళు చూడు, ఎంత శుభ్రంగా ఉన్నాయో." కొత్త నీళ్ళు కలపడానికి లోపలికి వెళ్ళాడు.

మధ్యాహ్నానికి ముందువైపు రాళ్ళ మీద మళ్ళీ తీగలు సాగాయి, బుడగలు లేచాయి. వెనక రాయి మీద, గులాబీ పెచ్చు పక్కన, సన్నగా గోధుమరంగు పొడి పట్టింది. తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఆశగా చూశారు. బంగారి వాళ్ళకు అడ్డంగా నిలబడింది. ముందుకు పాకి, ఒక్కసారి నాకి, వెనక్కి వచ్చి కూర్చుంది.

"తినొచ్చా అక్కా?" అన్నారు.

"పొద్దుటికి అది అక్కడే ఉంటే, నేనూ ఇక్కడే ఉంటే, అప్పుడు," అంది బంగారి.

పరాయి చోట పిల్లలకు మేత చూపించేవాడి మాట వినేముందు, ఆ మేత వాడు తింటున్నాడో లేదో చూడాలి.